2013 స్విఫ్ట్ డీజిల్ కొనవచ్చా? పాత బండి మరమ్మతులకు ఎంత డబ్బు పక్కన పెట్టుకోవాలి?

ప్రశ్న: అనంత_ఉపాధ్యాయుడు, అనంతపురం

అందరికీ నమస్కారం. నేను ధర్మవరంలో ఒక ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను, నివాసం అనంతపురం. బడికి రైల్లో వెళ్ళివస్తాను కాబట్టి రోజువారీ పనికి కారు అవసరం లేదు. అయితే అమ్మానాన్నలకు వయసు మీదపడింది. ప్రతి నెలా వాళ్ళను కర్నూలులో వైద్యుడికి చూపించాలి. 44వ నంబరు జాతీయ రహదారి మీద రమారమి 150 కిలోమీటర్లు బస్సులో కూర్చొని వెళ్ళి, అదే రోజు తిరిగి రావడం వాళ్ళ నడుములు ఓర్చుకోలేకపోతున్నాయి. అందువల్ల ఒక పాత కారు కొనాలని నిశ్చయించుకున్నాను. నెలకు 500 నుంచి 600 కిలోమీటర్లకు మించి తిరగదు. కొనుగోలు, మరమ్మతులు, కాగితాల ఖర్చు అన్నీ కలిపి 4,00,000 రూపాయలు దాటకూడదు.

ప్రస్తుతం రెండు బండ్లు చూశాను. మొదటిది 2013 నాటి స్విఫ్ట్ వీడీఐ (డీజిల్ రకం), ఏపీ 02 అంటే మన అనంతపురం నంబరే, ఇద్దరు యజమానులు మారారు, మీటరు 1,28,000 చూపిస్తోంది, 3,40,000 అడుగుతున్నారు. రెండవది 2014 నాటి పెట్రోలు స్విఫ్ట్, బెంగళూరు రిజిస్ట్రేషన్, మీటరు 70,000 చూపిస్తోంది, మధ్యవర్తి 3,10,000 చెబుతున్నాడు. ఈ వయసు స్విఫ్ట్‌లో సాధారణంగా ఏయే భాగాలు పాడవుతాయి, వాటికి మన ప్రాంతంలో ఎంత ఖర్చవుతుంది, ఈ రెండింటిలో దేనివైపు మొగ్గడం మంచిది అనే విషయాలు అనుభవం ఉన్నవారు వివరంగా చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

జవాబు: కడప_రహదారి, కడప

సార్, నమస్కారం. మా ఇంట్లో 2012 నాటి స్విఫ్ట్ డీజిలే ఉంది, మీటరు 1,90,000 దాటింది, ఇంజను ఇంతవరకు విప్పలేదు. కాబట్టి 1,28,000 అనే అంకెను చూసి మీరు భయపడనక్కర లేదు. ఆ 1248 సీసీ ఇంజను ఫియట్ వారి మల్టీజెట్. లైసెన్సు మీద మన దేశంలోనే తయారైంది. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్‌లతో పాటు టాటా విస్టా, ఫియట్ పుంటో వంటి బండ్లలోనూ అదే ఇంజను ఉండేది. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు రావడంతో మారుతి దాన్ని ఆపేసినా, రోడ్డు మీద అన్నేసి బండ్లు ఉన్నందువల్ల విడిభాగాలకు కొరత లేదు.

మన సీమలో పాత బండి కొనేవారు మీటరు కన్నా ముందు చూడవలసినది ఇంజనును చల్లబరిచే వ్యవస్థ. ఈ మాట నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. మన బోరు నీళ్ళు ఎలాంటివో మీకు తెలుసు. కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కట్టే ఆ నీళ్ళనే, దారిలో ఇంజను వేడి చూపే ముల్లు పైకి పోయిందని బాటిల్‌తో రేడియేటర్‌లో పోసేవారు చాలామంది ఉన్నారు. ఇంజనును చల్లబరిచే ద్రవమైన కూలెంటుకు బదులుగా ఏళ్ళ తరబడి ఆ నీళ్ళతోనే నడిపిన బండ్లు కూడా ఉన్నాయి. రేడియేటర్ లోపలి సన్నటి గొట్టాల్లో ఆ సున్నం పేరుకుంటే నీళ్ళు తిరగవు, వేడి బయటికి పోదు, ఆ నీళ్ళ ప్రవాహాన్ని అదుపుచేసే థర్మోస్టాట్ వాల్వు బిగుసుకుపోతుంది. ఈ ఇంజనులో కింది బ్లాకు పోత ఇనుము, దాని పైన మూతలా ఉండే హెడ్డు అల్యూమినియం. రెండు మూడు సార్లు బాగా వేడెక్కితే హెడ్డు వంగి, రెంటి మధ్యనున్న సీలు, అంటే గ్యాస్కెట్, పోతుంది. కడప, కర్నూలు ఎండలు 44 డిగ్రీలు దాటే రోజుల్లో ఏసీ వేసుకొని నడిపే బండికి ఇది ఎప్పుడైనా రావచ్చు.

చూడవలసిన పద్ధతి ఇది. ఉదయం బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మాత్రమే కూలెంట్ మూత తీయండి, వేడి మీద ఎట్టి పరిస్థితిలోనూ తీయకండి. లోపల పచ్చగానో నీలంగానో తేటగా ఉంటే మంచిది. తుప్పు రంగులో బురదగా ఉన్నా, మూత అంచుల వెంట తెల్లటి పక్కు కట్టి ఉన్నా, బోరు నీళ్ళతో నడిపారని అర్థం. తరువాత ఇంజను ఆయిల్ మూత తీసి వెనక్కి తిప్పి చూడండి. మీగడలాంటి తెల్లటి జిగురు కనిపిస్తే ఆయిల్‌లోకి నీళ్ళు చేరుతున్నాయేమోనని గట్టిగా అనుమానించాలి. మేము కడపలో ఎవరికి పాత బండి చూసినా ఏసీ వేసి, నలుగురిని ఎక్కించుకొని రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాటు ఎక్కిస్తాము. పైకి చేరేసరికి ఇంజను వేడి పెరగకుండా, ఏసీ చల్లదనం తగ్గకుండా ఉంటే సగం సందేహాలు తీరినట్టే. మీకు ఘాటు దగ్గరలో లేదు కనుక మిట్టమధ్యాహ్నం ఏసీ వేసి టవర్ క్లాక్ చుట్టుపక్కల రద్దీలో అరగంట నెమ్మదిగా తిప్పండి.

ఖర్చు సంగతి చెబుతాను. రేడియేటర్ మారిస్తే 4,500 నుంచి 6,000, థర్మోస్టాట్, రబ్బరు పైపులకు కలిపి 2,500 నుంచి 3,000, వాటర్ పంపు లేబరుతో 3,500 దాకా అవుతుంది. హెడ్డు విప్పి లేతు మీద పాలిష్ పట్టించి గ్యాస్కెట్ వేయించవలసి వస్తే మాత్రం 18,000 నుంచి 25,000 అనుకోండి. మొదటి మూడింటికీ ఖర్చు పెట్టడానికి వెనుకాడితే చివరిది తప్పదు.

జవాబు: కర్నూలు_మెకానిక్, కర్నూలు

సార్, పైన అన్న చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. నాకు కర్నూలులో చిన్న షెడ్డు ఉంది, ఎక్కువగా ఈ చిన్న కార్లే చేస్తాను. నేను చెప్పే ధరలు మా దగ్గర లేబరుతో కలిపి పడేవి. కంపెనీ సర్వీస్ సెంటరులో ఇంతకన్నా ఎక్కువే అవుతాయి, బ్రాండును బట్టి మీ ఊళ్ళో కూడా కొంత మారతాయి.

ముందు డీజిల్ బండి గురించి. క్లచ్ ఎన్ని కిలోమీటర్లు వస్తుందనేది నడిపే కాలును బట్టి ఉంటుంది, కొందరికి 60,000కే అయిపోతుంది, కొందరికి లక్ష దాటుతుంది. మూడో గేరులో 40 వేగంలో పోతూ యాక్సిలరేటర్ బాగా తొక్కండి. ఇంజను అరుపు పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ ఒకేసారి మార్చాలి, 9,000 నుంచి 12,000 అవుతుంది. గేర్‌బాక్సు దింపిన లేబరు రెండుసార్లు ఇచ్చుకోవడం ఎందుకని, బేరింగు బాగానే ఉన్నా మార్పించమనే నేను చెబుతాను.

డీజిల్‌లో డబ్బు ఎక్కువ లాగేవి ఇంజనులోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు. పొద్దున స్టార్టింగ్ ఆలస్యం కావడం, బండి నిలిపి ఉంచి ఇంజను నడుస్తున్నప్పుడు (ఐడిల్‌లో) వణకడం, నల్ల పొగ, మైలేజీ తగ్గడం వాటి లక్షణాలు. చూపు మీద చెప్పే మాటలు నమ్మకండి, లీకాఫ్ పరీక్ష చేయించండి. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు ఊడదీసి, ఒక్కోదానికి ఒక చిన్న గాజు సీసా తగిలించి, ఇంజను కొద్దిసేపు నడిపిస్తాము. నాలుగు సీసాల్లో డీజిల్ ఇంచుమించు సమానంగా చేరితే బాగున్నట్టు. ఒక దాంట్లో మిగతావాటికన్నా బాగా ఎక్కువ చేరితే ఆ ఇంజెక్టరు లోపల అరిగినట్టు. రీకండిషన్ చేయిస్తే ఒక్కోదానికి 5,000 నుంచి 6,000, కొత్తది అంతకు రెట్టింపుకు పైనే. ఇంజనులోకి గాలిని ఒత్తిడితో పంపే టర్బో ఆయిల్ సీలు పోతే నీలం పొగ వస్తుంది, ఆయిల్ తగ్గుతుంది, దాని రీకండిషనుకు 12,000 నుంచి 18,000. ఈ ఇంజనులో వాల్వులను నడపడానికి బెల్టు కాదు, టైమింగ్ చైను ఉంటుంది కనుక ఇన్ని కిలోమీటర్లకు మార్చాలనే లెక్క లేదు. కానీ ఆయిల్ సమయానికి మార్చని బండ్లలో చైను సాగుతుంది. చల్లటి ఇంజను స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో గలగలమని చప్పుడు వస్తే చైను కిట్టుకు 12,000 నుంచి 16,000 లెక్కలో వేసుకోండి.

బేతంచెర్ల, తాడిపత్రి వైపు నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర తిరిగిన బండి అయితే ఎయిర్ ఫిల్టరు పెట్టె విప్పి చూడండి. ఫిల్టరు దాటి లోపలి పైపులో కూడా తెల్లటి పొడి ఉంటే ఆ దుమ్ము టర్బో దాకా పోయిందనే లెక్క, అలాంటి బండి ధర గురించి మాట్లాడడం కూడా అనవసరం.

ఇక పెట్రోలైనా డీజిలైనా ఈ వయసులో ముందు చక్రాల పని తప్పదు. స్పీడ్ బ్రేకర్ మీద టకటకమంటే సస్పెన్షన్‌లోని లింక్ రాడ్లు, రోడ్డు గుంతల్లో దబ్బుమంటే చక్రాన్ని కింద పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు అరిగినట్టు. లోయర్ ఆర్మ్‌లు రెండూ, లింక్ రాడ్లు రెండూ మార్చి అలైన్‌మెంట్ చేయిస్తే 7,500 నుంచి 9,000. ముందు షాక్ అబ్జార్బర్లు, పైన మౌంటింగులు కూడా కావాలంటే మరో 8,000. స్టీరింగ్‌లో ఎలక్ట్రిక్ మోటారు ఉంటుంది, ఆయిల్ లీకు గొడవ లేదు. కానీ బండి ఆపి స్టీరింగ్ అటూ ఇటూ తిప్పేటప్పుడు చేతికి కటకట తగిలితే చక్రాలను తిప్పే స్టీరింగ్ రాక్ అరిగిందేమో చూపించాలి.

మన ఎండకు ఏసీ పనిచేయని బండి బండే కాదు, పైగా మీరు పెద్దవాళ్ళను ఎక్కించుకొని వస్తారు. గ్యాసు నింపించిన నెలకే చల్లదనం తగ్గుతోందంటే ఎక్కువసార్లు దోషం డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్‌లో ఉంటుంది. దాన్ని మార్చడానికి గ్యాసుతో కలిపి 7,000 నుంచి 9,000. కంప్రెసర్ పోతే రీకండిషన్‌ది 8,000 నుంచి 10,000, కొత్తది 18,000 పైమాట.

జవాబు: పొద్దుటూరు_పెట్రోలు, ప్రొద్దుటూరు

నెలకు 600 కిలోమీటర్లు తిరిగేవారికి డీజిల్ ఎందుకో నాకు అర్థం కావడం లేదు సార్. లీటరు పెట్రోలు 109, డీజిల్ 97 రూపాయల చొప్పున, పెట్రోలు బండి 15, డీజిల్ బండి 19 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే, కిలోమీటరుకు మిగిలేది 2 రూపాయల పైచిలుకు మాత్రమే. ఏడాదికి 7,200 కిలోమీటర్ల మీద అది 15,500 దాకా వస్తుంది. మూడు ఇంజెక్టర్లు రీకండిషన్ చేయిస్తే ఆ ఏడాది మిగులు అయిపోయినట్టే. పెట్రోలు స్విఫ్ట్‌లో ఇంజెక్టర్ల భయం, టర్బో భయం లేవు, క్లచ్ కూడా తక్కువలో అవుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు కనుక, పాత బండిలో ఇంధనం పోయే రబ్బరు పైపులు, సీళ్ళు ఒకసారి పరీక్ష చేయించుకోవాలి, మైలేజీ కూడా కాస్త తగ్గుతుంది. అంతకు మించి పెట్రోలుతో ఇబ్బంది లేదు. మంచి పెట్రోలు బండి మన జిల్లాల్లోనే దొరికితే దానికే నా ఓటు.

జవాబు: గుంతకల్లు_బళ్ళారి, గుంతకల్లు

సార్, మరమ్మతుల సంగతి పెద్దలు చెప్పారు కాబట్టి నేను కాగితాల గురించి మాత్రమే రాస్తాను. మాకు కర్ణాటక సరిహద్దు దగ్గర కావడం వల్ల బళ్ళారి, బెంగళూరు బండ్లు ఇక్కడికి చాలా వస్తాయి, చౌకగా కనిపిస్తాయి, కానీ మధ్యవర్తి చెప్పే ధరలో ఆంధ్రప్రదేశ్ జీవితకాల పన్ను ఉండదు. మొదట అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) రావాలి, తరువాత ఇక్కడ పన్ను కట్టి కొత్త నంబరు తీసుకోవాలి. ఆ పన్ను ఎంతో అనంతపురం రవాణా కార్యాలయంలో ఆ బండి వివరాలు చూపించి ముందే తెలుసుకోండి. అది కలిపాక 3,10,000 బండి, ఏపీ 02 బండి కన్నా ఖరీదైనదిగా తేలడం నేను చాలామంది విషయంలో చూశాను. కర్ణాటకలో కట్టిన పన్నులో మిగిలిన భాగం వాపసు కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు, అయితే ఆ డబ్బు ఎవరికి చెందాలో అమ్మేవారితో ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

స్థానిక బండి అయితే పేరు బదిలీకి ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు తీసుకోండి. ఫైనాన్సు ఉండి తీరిపోయి ఉంటే బ్యాంకు లేఖ, అప్పు వివరం తొలగించడానికి ఫారం 35 కూడా తీసుకోండి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకే ఇస్తారు కనుక 2013 బండికి 2028లో ఫిట్‌నెస్ పరీక్ష చేయించి మరో 5 ఏళ్ళకు పొడిగించుకోవాలి. దానికి రెన్యువల్ రుసుమే 5,000, హరిత పన్ను అదనం. థర్డ్ పార్టీ బీమా ఈ సైజు ఇంజనుకు ఏడాదికి 3,416 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అమ్మేవారికి నో క్లెయిమ్ బోనస్ (పరిహారం అడగనందుకు బీమాలో ఇచ్చే తగ్గింపు) 50 శాతం ఉందని చెప్పినా అది మీకు రాదు, అది బండితో కాక మనిషితో పోయేది.

మరొక విషయం మరువకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి, 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు రాజంపేట వైపు కూడా అదే జరిగింది. అలాంటివి శుభ్రం చేసి అమ్మేవారు ఉంటారు. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి చూడండి, లోపలి చివరన మట్టి చార ఉంటే నీళ్ళలో ఉన్న బండి. సీటు కింది పట్టాల తుప్పు, కార్పెట్ కింద ముక్కిపోయిన వాసన కూడా గమనించండి.

ప్రశ్నకర్త: అనంత_ఉపాధ్యాయుడు, అనంతపురం

ఇంత వివరంగా రాసిన అందరికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు. బెంగళూరు బండి గురించి పన్ను కనుక్కున్న తరువాత దాన్ని పూర్తిగా వదిలేశాను. ఏపీ 02 డీజిల్ బండిని మీరు చెప్పిన విధంగా ఒక్కొక్కటిగా చూశాను. సీటు బెల్టు శుభ్రంగా ఉంది, ఆయిల్ మూత వెనుక జిగురు లేదు, లీకాఫ్ పరీక్షలో నాలుగు సీసాలూ దాదాపు సమానంగా నిండాయి, ఏసీ చక్కగా ఉంది, క్లచ్ జారడం లేదు. అయితే కూలెంట్ మాత్రం లేత తుప్పు రంగులో ఉంది, మూత అంచున తెల్లటి పక్కు కొద్దిగా ఉంది. ముందు నుంచి గుంతల్లో దబ్బుమనే చప్పుడు వస్తోంది. టైర్ల మీద చివరి నాలుగు అంకెలు 2318 అని ఉన్నాయి. కంపెనీ సర్వీసు చరిత్ర 96,000 వరకు క్రమంగా ఉంది, ఆ తరువాత బయటి షెడ్డులో చేయించారట. ఇవన్నీ చెప్పగా యజమాని 3,05,000కు దిగివచ్చారు. పెట్రోలు బండి కోసం ఇంకా వెతకడమా, దీన్ని తీసుకోవడమా అనే దగ్గర ఆగిపోయాను.

జవాబు: పొద్దుటూరు_పెట్రోలు, ప్రొద్దుటూరు

ఇంజెక్టర్ల పరీక్ష బాగా వచ్చిన బండి, పైగా ధర 35,000 తగ్గింది కాబట్టి నేను ముందు పెట్టిన అభ్యంతరంలో చాలా భాగం తీరిపోయింది సార్. ఆ రెండు మూడు ఏళ్ళ ఇంధనం మిగులు మొత్తం ధరలోనే వచ్చేసింది. కూలెంట్ సంగతి తేలితే తీసుకోవచ్చు.

జవాబు: కర్నూలు_మెకానిక్, కర్నూలు

సార్, 2318 అంటే 2018వ సంవత్సరం 23వ వారంలో తయారైన టైర్లు. గాడి లోతుగా కనిపించినా మన ఎండకు రబ్బరు గట్టిపడి ఉంటుంది, హైవే మీద పెద్దవాళ్ళతో వచ్చేటప్పుడు ఆ టైర్ల మీద నడపకండి. వీడీఐకి 165/80 ఆర్14 సైజు, నాలుగింటికి కలిపి 18,000 దాకా అవుతుంది. ముందు చక్రాల పనికి 8,500, ఇంజను ఆయిల్, మూడు ఫిల్టర్లకు 4,500, రేడియేటర్ శుభ్రం చేయించి థర్మోస్టాట్, పైపులు మార్చి మంచి కూలెంట్ పోయించడానికి 5,000. ఇవి కొన్న వారంలోనే చేయించవలసినవి, మొత్తం 36,000. బదిలీకి, బీమాకు ఒక 10,000 వేసుకుంటే 3,51,000 అవుతుంది. మీ దగ్గర ఇంకా 49,000 మిగులుతుంది. దాన్ని సీటు కవర్లకు, పాటల సిస్టమ్‌కు ఖర్చు పెట్టకుండా క్లచ్‌కూ రేడియేటర్‌కూ దాచుకోండి, వచ్చే ఏడాదిన్నరలో ఆ రెండింటిలో ఒకటి రావచ్చు. కూలెంట్‌లో డిస్టిల్డ్ వాటర్ తప్ప ఏ నీళ్ళూ కలపనివ్వకండి, రెండేళ్ళకు ఒకసారి మార్పించండి.

అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక పరీక్ష మిగిలి ఉంది. బండిని రాత్రంతా ఆపి ఉంచమని యజమానికి చెప్పి, ఉదయం మీరు వెళ్ళేదాకా స్టార్ట్ చేయవద్దని కోరండి. బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని తేల్చుకున్నాక, కూలెంట్ మూత తీసి ఉంచి, పక్కన మీకు తెలిసిన మెకానిక్‌ను నిలబెట్టి ఇంజను స్టార్ట్ చేయించండి. మొదట ఒకటి రెండు బుడగలు వచ్చి ఆగిపోతే అది లోపల చిక్కుకున్న గాలి, కంగారు లేదు. రెండు నిమిషాలైనా వరుసగా బుడగలు పైకి వస్తూనే ఉండి, పొగ వాసన తగిలితే గ్యాస్కెట్ దగ్గర ఇంజను లోపలి ఒత్తిడి (కంప్రెషన్) కూలెంట్‌లోకి దిగుతోందని అర్థం. అప్పుడు ఆయన ఇంకో 20,000 తగ్గిస్తానన్నా ఒప్పుకోకుండా వచ్చేయండి, ఎందుకంటే హెడ్డు ఎంత వంగిందో విప్పితే గాని తెలియదు. బుడగలు రాకపోతే బండి తీసుకోండి, ముందు చక్రాల పనికి కర్నూలు వచ్చినప్పుడు మా షెడ్డుకు తెచ్చినా సరే, మీ ఊళ్ళో చేయించుకున్నా సరే, పాత లోయర్ ఆర్మ్‌లు విప్పినవి మాత్రం మీ చేతికి ఇప్పించుకొని చూడండి.